కుక్కల రక్తపరాన్నజీవులు: రోగ నిర్ణయం, చికిత్స

కుక్క రక్తంలో చేరి, రక్తకణాల లోపలో వాటి మధ్యనో బతికే సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బులను పశువైద్యులు రక్తపరాన్నజీవి వ్యాధులు అని ఒక గుంపుగా చెబుతారు. కుక్కలను పెంచుకునేవాళ్ల నోట దీనికి ఉన్న పేరు 'టిక్ ఫీవర్'. కుక్క రెండు పూటలు అన్నం ముట్టకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, ముక్కు నుంచి రక్తం కారినా ఈ ఒక్క మాటే వినిపిస్తుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగాన్ని మోసుకొచ్చేది పిడుదే. కానీ ఆ ఒక్క పేరు కింద కనీసం అయిదు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదానికి నెల రోజులు మాత్రలు వేయాలి, మరొకదానికి రెండు వారాల ఎడంతో రెండు ఇంజెక్షన్లు చాలు, ఇంకొకదానికి ఖరీదైన జంట మందులు కావాలి. ఒకదాన్ని చంపే మందు పక్కదాన్ని తాకను కూడా తాకదు. టిక్ ఫీవర్ అన్న మాట దగ్గరే ఆగిపోయి మందు మొదలుపెట్టిన చోట కుక్కలు నష్టపోతున్నాయి. అందుకే ఈ వ్యాసంలో చికిత్స కంటే ముందు, చికిత్స కంటే ఎక్కువగా, జీవిని గుర్తుపట్టే పని గురించి చెప్పవలసి ఉంది.

పిడుదు

కొన్ని జిల్లాల్లో పిడుదు అనీ, కొన్నిచోట్ల గోమారి అనీ పిలిచే ఈ పురుగు సాలెపురుగుకు చుట్టం. కుక్కల మీద మనకు కనిపించేది ముఖ్యంగా గోధుమరంగు కుక్క పిడుదు, శాస్త్రనామం రైపిసెఫాలస్ సాంగ్వినియస్. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదును కాగితం మీద పెట్టి చూస్తే బూడిదరంగు ఆముదపు గింజలాగే ఉంటుంది. ఈ పోలిక మనకే తట్టింది కాదు. లాటిన్‌లో పిడుదును రిసినస్ అంటారు, ఆముదం మొక్కకు పెట్టిన శాస్త్రనామం కూడా అదే.

గుడ్డు నుంచి బయటికొచ్చే పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, ఆవగింజ కంటే చిన్నది. అది కుక్కనెక్కి రక్తం తాగి కిందికి రాలిపడుతుంది. గోడ పగులులోనో తలుపు చట్రం సందులోనో దాక్కుని కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల పిల్ల అవుతుంది. మళ్లీ కుక్కనెక్కుతుంది, మళ్లీ రాలుతుంది, మళ్లీ కుబుసం విడుస్తుంది. పెద్దదయ్యాక మూడోసారి ఎక్కి కడుపునిండా తాగి, రాలిపడి, ఏదో సందులో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పెద్ద పిడుదు ఏమీ తినకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. మిగతా పిడుదులకు పచ్చిక, పొద, అడవి కావాలి. ఇది మాత్రం మొత్తం బతుకును ఒకే ఇంట్లో గడిపేస్తుంది. దీనికి పైకి పాకే గుణం కూడా ఉంది, కిటికీ తెరల మడతల్లోనూ గోడ పైభాగాల్లోనూ కనిపిస్తుంటుంది. మూడో అంతస్తులో ఉండి, వీధి కుక్కలతో కలవని కుక్కకు ఈ జబ్బెలా వచ్చిందని ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు. సమాధానం చాలాసార్లు వాళ్ల గోడలోనే ఉంటుంది. మన వాతావరణంలో దీనికి చలికాలపు విరామం కూడా పెద్దగా దొరకదు.

పురుగు జబ్బును మోస్తుందన్న ఊహను మొదటిసారి రుజువు చేసింది కూడా పిడుదు మీదే. అమెరికాలో పశువులను ఊచకోత కోసిన టెక్సాస్ జ్వరాన్ని పిడుదులే అంటిస్తున్నాయని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ 1893లో ప్రకటించారు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా జీవిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న. ఈ రెండు సంగతులకూ దగ్గరి బంధుత్వం ఉంది. స్మిత్ చూసిన బబీసియా, రాస్ వెతికిన మలేరియా జీవి రెండూ ఎర్ర రక్తకణంలో దూరి బతికేవే.

ఎర్లికియా

మన దగ్గర ఎక్కువగా కనిపించే వాటిలో ఒకటి, ఎక్కువగా ఏమార్చేది ఎర్లికియా కానిస్. శాస్త్రం ప్రకారం ఇది బ్యాక్టీరియా. కణం లోపల తప్ప బయట బతకలేదు కాబట్టి పాత అలవాటు కొద్దీ రక్తపరాన్నజీవుల పక్కనే కూర్చోబెడుతున్నారు. దీన్ని 1935లో అల్జీరియాలో డొనాషియన్, లెస్టోకార్డ్ అనే ఇద్దరు మొదటిసారి గుర్తించారు. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ పేరు దానికి తర్వాత వచ్చింది. మూడు దశాబ్దాల పాటు ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వెంట వెళ్లిన కుక్కల్లో, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లలో, వందకు పైగా ముక్కు నుంచి రక్తం కారి చచ్చిపోయాకే దీని మీద గట్టి పరిశోధన మొదలైంది. జర్మన్ షెపర్డ్‌లకు ఈ జబ్బు మిగతా జాతుల కంటే తీవ్రంగా వస్తుందన్న సంగతి అప్పటి నుంచే వైద్యుల మనసులో నాటుకుంది.

పిడుదు కుట్టాక 8 నుంచి 20 రోజులకు జబ్బు బయటపడుతుంది. ఎర్లికియా తెల్ల రక్తకణాల్లో మోనోసైట్ అనే రకంలో దూరి, మల్బరీ పండులా గుత్తిగా పెరుగుతుంది. మొదటి రెండు నుంచి నాలుగు వారాలు జ్వరం, తిండి మీద అయిష్టం, మెడ కింద బిళ్లలు కట్టడం, ప్లీహం వాపు ఉంటాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అన్న మాట ఇప్పుడు ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. కుక్కకు మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. ఎర్లికియాలో అవి 50 వేల కిందికి దిగడం అరుదు కాదు. అప్పుడు కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వెంట్రుకలు లేని చోట చూస్తే గుండుసూది మొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. వేలితో నొక్కినా చెదరవు. చర్మం లోపల కారిన రక్తమది.

అసలు ప్రమాదం దీని రెండో దశలో ఉంది. చాలా కుక్కలు చికిత్స లేకుండానే ఈ మొదటి జ్వరాన్ని దాటేస్తాయి. తింటాయి, తోక ఊపుతాయి, ఇంటివాళ్లు మరిచిపోతారు. జీవి మాత్రం ప్లీహంలో నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఈ కాలంలో రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువగా ఉండటం తప్ప మరో జాడ ఉండదు. కొన్ని కుక్కలు తమంతట తామే దాన్ని వదిలించుకుంటాయి. వదిలించుకోలేనివి మూడో దశకు వెళతాయి. అక్కడ మూలుగ ఎండిపోతుంది. ఎముక లోపల రక్తం తయారయ్యే చోటే పని ఆగిపోతే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. ముక్కు నుంచి ఆగని రక్తం, కంట్లో రక్తం, ఉన్నట్టుండి చూపు పోవడం, మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోవడం, నడక తూలడం కనిపిస్తాయి. ఈ దశకు చేరిన కుక్కను బతికించడం చాలా కష్టం. మొదటి జ్వరంలోనే పట్టుకుంటే నూటికి తొంభై మంది వైద్యులు ధైర్యంగా మాట ఇవ్వగల జబ్బు, ఇక్కడికొచ్చేసరికి ఎవరూ మాట ఇవ్వలేని జబ్బు అవుతుంది.

దీనికి తమ్ముడి వంటిది అనాప్లాస్మా ప్లాటిస్. 1978లో అమెరికాలోని ఫ్లోరిడాలో గుర్తించారు. ఇది నేరుగా ప్లేట్‌లెట్ల లోపలికే దూరుతుంది. ప్రతి ఒకటి రెండు వారాలకు ప్లేట్‌లెట్లు పడిపోవడం, మళ్లీ లేవడం దీని ధోరణి. సోమవారం తీసిన లెక్క బాగుండి, మరుసటి వారం లెక్క అధ్వాన్నంగా ఉంటే ల్యాబ్ తప్పు అనుకోనవసరం లేదు.

బబీసియా

రొమేనియాలో విక్టర్ బాబెస్ 1888లో పశువుల రక్తంలో చూసిన జీవి పేరు బబీసియా. కుక్కల్లో మన నేల మీద తిరిగేవి రెండు. పెద్దది బబీసియా వోగెలి. ఎర్రకణంలో రెండేసి బేరి పండ్లు మొనలు కలిపి పెట్టినట్టు కనిపిస్తుంది. పెద్ద కుక్కలను అంతగా బాధించదు, పాలు తాగే పిల్లల ప్రాణాలు తీస్తుంది. తల్లి పిడుదు నుంచి గుడ్ల గుండా పిల్ల పిడుదులకు వ్యాపించడం దీని ప్రత్యేకత. ఎర్లికియాకు ఆ దారి లేదు. పుట్టిన ప్రతి పిడుదూ దాన్ని ఏదో ఒక కుక్క నుంచి కొత్తగా తెచ్చుకోవాలి.

చిన్నది బబీసియా గిబ్సోని. దీని పుట్టుకథ మన పొరుగుదే. 1910లో డబ్ల్యు.ఎస్. ప్యాటన్ మద్రాసులో దొరల వేట కుక్కల రక్తంలో దీన్ని చూశాడు, ఆ తర్వాత నక్కల రక్తంలోనూ చూశాడు. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగమే కాబట్టి ఇది మన పాత పరగణాల్లోనే శాస్త్రానికి పరిచయమైన జీవి అని చెప్పుకోవచ్చు. ఎర్రకణంలో చిన్న ఉంగరంలా, చుక్కలా ఉంటుంది. పిడుదుతో పాటు కుక్కల కొట్లాటలో కాటు ద్వారా, రక్తం ఎక్కించడం ద్వారా, తల్లి కడుపులోని పిల్లలకు కూడా సోకుతుంది.

బబీసియా ఎర్రకణాన్ని పగలగొడుతుంది. దాని కంటే ఎక్కువ నష్టం కుక్క సొంత రోగనిరోధక శక్తి చేస్తుంది. జీవి దూరిన కణాలతో పాటు దూరని కణాలను కూడా శత్రువులనుకుని నాశనం చేస్తుంది. ఫలితం తీవ్రమైన రక్తహీనత. పై పెదవి ఎత్తి చిగురు చూస్తే గులాబీ రంగు పోయి సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది, కొన్నింటిలో పసుపుపచ్చగా కామెర్ల రంగు తేలుతుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. నాలుగు మెట్లు ఎక్కితే రొప్పుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

మిగిలినవి

హెపటోజూన్ కానిస్‌ను కూడా 1905లో ఎస్.పి. జేమ్స్ భారతదేశంలోనే వర్ణించాడు. దీని దారి వింత. పిడుదు కుట్టడం వల్ల రాదు, కుక్క పిడుదును మింగడం వల్ల వస్తుంది. ఒంటి మీద కొరుక్కుంటూ కుక్క మింగేసే పిడుదులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. గాజు పలక మీద న్యూట్రోఫిల్ అనే తెల్లకణం లోపల పొడుగాటి గుడ్డు ఆకారంలో ఒత్తుగా కనిపిస్తుంది, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. చాలా కుక్కల్లో ఊరికే పడి ఉంటుంది. ఎర్లికియాతో కలిసినప్పుడు కుక్క చిక్కి శల్యమవుతుంది.

ట్రిపనోసోమా ఎవాన్సి పిడుదు తెచ్చే జబ్బు కాదు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ పంజాబు ప్రాంతంలో గుర్రాల, ఒంటెల రక్తంలో చూసిన సర్రా జీవి ఇదే. జబ్బు చేయగల ట్రిపనోసోమాను ప్రపంచంలో మొదట చూసింది అప్పుడే. పశువులను కుట్టే జోరీగలు దీన్ని అంటిస్తాయి. కబేళాల దగ్గర పచ్చిమాంసం, పచ్చిరక్తం ముట్టే కుక్కలకు నోటి దారిన కూడా వస్తుంది. ముఖం, కాళ్లు నీరు దిగుతాయి. కంటి మీద నీలి పొర కమ్ముతుంది, 'పువ్వు వేసింది' అని కంటి చుక్కలు వేస్తూ రోజులు గడిపేవాళ్లున్నారు. జ్వరంతో పాటు కన్ను నీలిబారితే రక్తపు చుక్క చూడవలసిందే. 2004లో మహారాష్ట్రలో ఒక రైతుకు ఈ జీవి సోకిన సంగతి వైద్య చరిత్రకెక్కింది, ఇలాంటి ఉదంతాలు చాలా అరుదు.

దోమ కాటుతో వచ్చే డైరోఫైలేరియా పిల్ల పురుగులు కూడా ఇదే రక్తపు చుక్కలో పాముల్లా ఈదుతూ కనిపిస్తాయి. దాని వైద్యం వేరే పెద్ద వ్యవహారం.

రక్తపు చుక్క

ఈ జబ్బుల్లో అన్నిటికంటే చవకైన పరీక్ష, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన పరీక్ష రక్తపు పూత. చెవి కొసన వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, సన్నటి సూదితో గుచ్చుతారు. జీవి దూరిన కణాలు సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుంటాయి కాబట్టి పెద్ద సిర కంటే చెవి కొసన బబీసియా దొరికే అవకాశం ఎక్కువ. వచ్చిన చుక్కను గాజు పలక ఒక చివర తాకించి, రెండో పలకను ఏటవాలుగా దానికి ఆనించి, చుక్క అంచంతా పరుచుకున్నాక ఒకే ఊపులో ముందుకు తోస్తారు. ఆగితే చార పడుతుంది, గట్టిగా నొక్కితే కణాలు పగులుతాయి. సరిగా వచ్చిన పూత బొటనవేలి గోరులా మొదట చిక్కగా ఉండి చివర పలచబడి ఈక అంచులా ముగుస్తుంది. ఆరాక మిథనాల్‌లో ముంచి, జీంసా రంగులో అరగంట ఉంచి, నీళ్లతో కడిగి, నూనె చుక్క వేసి సూక్ష్మదర్శినిలో వెయ్యి రెట్లు పెద్దదిగా చూడాలి.

ఎక్కడ చూడాలన్నది కూడా నేర్చుకోవలసిన విద్యే. పెద్ద తెల్లకణాలు ఈక అంచుకు కొట్టుకొస్తాయి. ఎర్లికియా గుత్తులు, హెపటోజూన్ అక్కడే దొరుకుతాయి. అక్కడే ప్లేట్‌లెట్లు ముద్దకట్టి కూడా కనిపిస్తాయి. యంత్రం ఆ ముద్దలను లెక్కపెట్టలేక 'ప్లేట్‌లెట్లు 40 వేలు' అని చెబుతుంది, కుక్కకు నిజానికి 2 లక్షలుంటాయి. ఒక్కో దృశ్యంలో కనిపించే ప్లేట్‌లెట్‌ను సుమారు 15 వేలుగా లెక్కకట్టి యంత్రం మాటను సరిచూడటం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ కుక్కలకు అనవసరపు మందులు తప్పిస్తోంది. ట్రిపనోసోమాకు రంగు కూడా అక్కర్లేదు. పచ్చి రక్తపు చుక్క మీద పలచటి గాజు కప్పి చూస్తే ఎర్రకణాలను అటూ ఇటూ నెట్టుకుంటూ మెలికలు తిరుగుతుంటుంది.

ఇంకో పరీక్ష సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి గిర్రున తిప్పడం. అడుగున ఎర్రకణాలు పేరుకుంటాయి, వాటి మీద సన్నటి తెల్ల గీత, పైన పలచటి రసం. కుక్కలో ఎర్ర భాగం నూటికి 37 నుంచి 55 దాకా ఉండాలి. 15కి దిగితే రక్తం ఎక్కించే ఆలోచన మొదలవుతుంది. పైన రసం రంగు కూడా మాట్లాడుతుంది. నీళ్లలా ఉంటే సరే, పసుపైతే కామెర్లు, గులాబీ రంగైతే రక్తనాళాల్లోనే ఎర్రకణాలు పగులుతున్నాయన్న మాట. నడిమి తెల్ల గీతను పూతగా తీసి చూస్తే ఎర్లికియా, హెపటోజూన్ దొరికే అవకాశం పెరుగుతుంది.

పూతలో జీవి కనిపిస్తే నిర్ణయం అయిపోయినట్టే. కనిపించకపోతే లేదని అర్థం కాదు. ఎర్లికియా గుత్తులు నిజంగా జబ్బున్న కుక్కల్లో కూడా చాలా కొద్దింటిలోనే దొరుకుతాయి. అప్పుడు కిట్ పరీక్ష చేస్తారు. ఇందులో సాధారణంగా వెతికేది జీవిని కాదు, దాని మీద కుక్క తయారుచేసుకున్న యాంటీబాడీలను. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. జ్వరం వచ్చిన మొదటి వారంలో యాంటీబాడీలు ఇంకా తయారవకపోవచ్చు, కిట్ 'లేదు' అంటుంది. జబ్బు నయమైన నెలలకు, ఏళ్లకు కూడా అవి రక్తంలో మిగిలే ఉండవచ్చు, కిట్ 'ఉంది' అంటుంది. ఆ రెండో గీతను చూసి భయపడి ఆరోగ్యంగా గెంతుతున్న కుక్కకు మళ్లీ మళ్లీ నెలల కోర్సులు వేయించినవాళ్లున్నారు. కిట్ ఫలితాన్ని ప్లేట్‌లెట్ల లెక్కతో, కుక్క తీరుతో కలిపి చదవాలి.

జీవి జన్యువునే పట్టుకునే పీసీఆర్ వీటన్నిటి కంటే నమ్మదగినది. బబీసియా గిబ్సోనినీ వోగెలినీ విడదీయడానికి, కోర్సు పూర్తయ్యాక జీవి నిజంగా పోయిందో లేదో తేల్చడానికి దీన్ని మించింది లేదు. కోవిడ్ వల్ల ఈ పేరూ అందరికీ పరిచయమే. అయితే రక్తం మందు మొదలుపెట్టకముందే, ఊదారంగు మూత ఉన్న గొట్టంలో తీయాలి. రెండు రోజులు మాత్రలు వేసి ఆ తర్వాత పంపితే జీవి దాక్కుని ఫలితం తప్పుగా రావచ్చు. ఈ ఒక్క క్రమం పాటిస్తే ఎన్నో తికమకలు తప్పుతాయి.

చికిత్స

ఎర్లికియాకు, అనాప్లాస్మాకు మందు డాక్సీసైక్లిన్. కుక్క బరువులో కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఒకేసారిగానో రెండు పూటలుగానో, 28 రోజులు. మొదటి దశలో ఉన్న కుక్క రెండు మూడు రోజుల్లోనే లేచి గిన్నె దగ్గరికి వస్తుంది. ఇంటివాళ్లు మాత్రలు ఆపేసేది సరిగ్గా అప్పుడే. పదో రోజుకు ఆగిపోయిన కోర్సు జబ్బును నయం చేయదు, రెండో దశలోకి నెడుతుంది. ఇంకో సంగతి మన వంటింటిది. తెలుగు ఇళ్లలో కుక్కకు పెట్టేది ఎక్కువగా పెరుగన్నం, పాలన్నం. పాలలోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టేసి ఒంటికి పూర్తిగా అందనీయదు. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. కాబట్టి ఉడికించిన కోడిమాంసం, అన్నం పెట్టి మాత్ర వేసి, కాసిన్ని నీళ్లు తాగించి, పెరుగును రెండు మూడు గంటలు దూరం జరపాలి. ఐరన్ టానిక్ కూడా ఇదే పని చేస్తుంది, దాన్నీ వేరే పూటకు మార్చాలి.

బబీసియా వోగెలికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్, కిలోకు 6.6 మిల్లీగ్రాములు, రెండు వారాల ఎడంతో రెండుసార్లు. సూది వేశాక చొంగ కారడం, వాంతి, విరేచనం మామూలే, అందుకే ముందుగా అట్రోపిన్ ఇస్తారు. హెపటోజూన్‌కు కూడా ఇదే మందును, పూతలో జీవి కనిపించకుండా పోయేదాకా రెండు వారాలకోసారి వేస్తారు. ఎర్లికియాకు ఇది పనిచేయదని పరిశోధనలు తేల్చాయి. అయినా 'టిక్ ఫీవర్ ఇంజెక్షన్' పేరుతో దానికీ వేస్తూనే ఉన్నారు. అది కుక్కకు నొప్పి, ఇంటివాళ్లకు ఖర్చు, జబ్బుకు వ్యవధి.

బెరెనిల్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన డిమినజీన్ బబీసియా మీద, ట్రిపనోసోమా మీద పనిచేస్తుంది. కిలోకు 3.5 మిల్లీగ్రాములు, కండకు ఒక్కసారి. ఇది పశువుల కోసం తయారైన మందు. వందల కిలోల ఆవుకు కొలిచినట్టు పది కిలోల కుక్కకు కొలిస్తే చిన్నమెదడు దెబ్బతిని తూలుతుంది, పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కుక్కను తూకం వేయకుండా ఈ సూది వేయించుకోకూడదు.

బబీసియా గిబ్సోని వీటికి సరిగా లొంగదు. దీనికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ జంట కావాలి. మొదటిది కిలోకు 13.3 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి, కొవ్వున్న తిండితో. రెండోది కిలోకు 10 మిల్లీగ్రాములు రోజుకొకసారి. పది రోజులు. అటోవాక్వోన్ మనుషుల మలేరియా మందుల్లో ప్రోగ్వానిల్‌తో కలిపి దొరుకుతుంది. ఆ కలయిక కుక్కకు వాంతులు తెప్పిస్తుంది. అటోవాక్వోన్‌కు లొంగని గిబ్సోని రకాలు బయటపడ్డాయి కాబట్టి, కొన్నిచోట్ల క్లిండామైసిన్, డిమినజీన్, ఇమిడోకార్బ్ మూడింటినీ కలిపి వాడుతున్నారు. నయమైనట్టు కనిపించినా జీవి పూర్తిగా పోకపోవచ్చు. కోర్సు ముగిశాక రెండు నెలలకు, మూడు నెలలకు పీసీఆర్ చేయించాలి.

ఒకే పిడుదు ఒకే కాటులో రెండు మూడు జీవులను దించగలదు. డాక్సీసైక్లిన్ వేసి మూడు రోజులైనా కుక్క లేవకపోతే మోతాదు పెంచడం కాదు చేయవలసింది, మళ్లీ రక్తపు పూత తీయడం. ప్లేట్‌లెట్లు మరీ పడిపోయి, కుక్క ఒళ్లే వాటిని చంపుకుంటోందని వైద్యుడికి అనిపిస్తే కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. అది మొదటి మందుకు తోడుగా వాడేది. ఒంటరిగా వాడితే ఆకలి పుట్టి కుక్క బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల జీవి బలపడుతుంది.

ఇంట్లో చేసే తొందరపాట్లలో ఘోరమైనది జ్వరం తగ్గాలని మనుషుల మాత్ర వేయడం. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్లేట్‌లెట్లు లేని కుక్కకు ఆ పుండు నుంచి కారే రక్తం ఆగదు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ అని కూడా గుర్తుంచుకోవాలి, మన లెక్కలో జ్వరం దానికి ఆరోగ్యం. బొప్పాయి ఆకు రసం పోసేవాళ్ల ఆత్రుత అర్థమవుతుంది, కానీ అది ఎర్లికియాను చంపదు. రసం మీద నమ్మకంతో మందు వారం వాయిదా పడితే ఆ వారం తిరిగి రాదు.

రక్తం ఎక్కించడం కుక్కల్లోనూ ఉంది. వాటికీ రక్తపు గ్రూపులున్నాయి. మొదటిసారి ఎక్కించినప్పుడు తీవ్రమైన ప్రతిచర్య అరుదు, రెండోసారికి మాత్రం రెండు రక్తాలనూ కలిపి సరిచూడటం తప్పనిసరి. 25 కిలోలకు పైబడిన ఆరోగ్యమైన కుక్క నుంచి సుమారు 450 మిల్లీలీటర్లు తీసుకోవచ్చు.

ఇల్లు

ఈ జబ్బులకు మన దగ్గర టీకా లేదు. ఉన్న దారల్లా పిడుదును ఆపడమే. నోటి ద్వారా ఇచ్చే అఫోక్సొలానర్, ఫ్లూరలానర్ వంటి మాత్రలు ఇప్పుడు బాగా పనిచేస్తున్నాయి. మొదటిది నెలకోసారి, రెండోది సుమారు మూడు నెలలకోసారి. మూర్ఛ వచ్చే కుక్కలకు వీటిని ఇచ్చేముందు వైద్యుడితో చెప్పాలి. పర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు వాడే ఇంట్లో పిల్లి కూడా ఉంటే అది పిల్లికి విషం.

రోజూ అయిదు నిమిషాలు కుక్క ఒళ్లు తడిమి చూడటం చిన్నపని. చెవి మడత లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, గజ్జల్లో, బెల్టు కింద చూడాలి. పిడుదు దొరికితే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గోళ్ల మధ్య నలపడం వద్దు. కుక్క పిడుదులు మనుషులకు మచ్చల జ్వరాన్ని మోయగలవు, ఆ రసం చేతికి తగలనివ్వకూడదు. బబీసియా ఒంట్లోకి దిగాలంటే పిడుదు సుమారు రెండు రోజులు అంటుకుని ఉండాలి కాబట్టి రోజువారీ వెతుకులాట దానికి గట్టి అడ్డు. ఎర్లికియాకు అంత వ్యవధి అక్కర్లేదు, ప్రయోగాల్లో కొన్ని గంటల్లోనే దిగింది. అందుకే చేతి వెతుకులాటతో పాటు మందు కూడా ఉండాలి.

కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే నెల తిరగకముందే కథ మొదటికొస్తుంది. పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి, కుక్క పడుకునే గుడ్డను వారానికోసారి మరిగే నీళ్లలో వేయాలి, తలుపు చట్రాల సందుల్లో, మెట్ల కింద, తెరల వెనక పిడుదుల మందు కొట్టాలి. గుడ్లను మందు చంపకపోవచ్చు కాబట్టి రెండు మూడు వారాలకు ఒకసారి చొప్పున మళ్లీ మళ్లీ కొట్టాలి. మందు కొట్టిన రోజు కుక్కను, పిల్లలను గది ఆరేదాకా బయట ఉంచాలి.

జబ్బు నుంచి లేచిన కుక్కకు కోర్సు మధ్యలో ఒకసారి, ముగిశాక ఒకసారి రక్తం లెక్క చూడాలి. ఎర్లికియా వచ్చి తగ్గిన కుక్కకు రక్షణ మిగలదు, మరో పిడుదు కుడితే మళ్లీ వస్తుంది. బబీసియా గిబ్సోని ఒకసారి వచ్చిన కుక్క ఎంత పుష్టిగా ఉన్నా మరో కుక్కకు రక్తం ఇవ్వకూడదు. ఆ కుక్క ఫైలు మొదటి పేజీలో ఈ మాట ఎర్ర సిరాతో రాసి ఉంచాలి.